ఉష్ణం ఇచ్చాం, ఉష్ణోగ్రత ఎంత పెరిగింది?

శ్రోతలకు నమస్కారం.

రెండు కిలోల నీటికి, రెండు కిలోల ఇనుముకు సరిసమానంగా 84,000 జౌళ్ల ఉష్ణాన్ని అందించామనుకుందాం. నీటి ఉష్ణోగ్రత 10 డిగ్రీలే పెరుగుతుంది. ఇనుముదైతే 93 డిగ్రీలకు పైగా పెరుగుతుంది. ఉష్ణమూ, ద్రవ్యరాశీ సమానమే అయినా ఇంత తేడా రావడానికి కారణం వాటి విశిష్టోష్ణాలు వేరు కావడమే. ఒక కిలో పదార్థం ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ సెల్సియస్ పెంచడానికి కావలసిన ఉష్ణమే ఆ పదార్థపు విశిష్టోష్ణం. నీటికది సుమారు 4,200 జౌళ్లు, ఇనుముకు సుమారు 450, సీసానికైతే 130 మాత్రమే. పదార్థం ఎంత ఉంటే అంత ఉష్ణం కావాలన్న పాత అభిప్రాయాన్ని కాదని, ఒక్కో పదార్థానికి ఒక్కో సామర్థ్యం ఉంటుందని 18వ శతాబ్దంలో చూపినవాడు స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో బోధించిన శాస్త్రవేత్త జోసెఫ్ బ్లాక్.

లెక్క సులువైనదే. ద్రవ్యరాశిని విశిష్టోష్ణంతో గుణించి, వచ్చిన లబ్ధంతో అందించిన ఉష్ణాన్ని భాగిస్తే ఉష్ణోగ్రతలో మార్పు తెలుస్తుంది. ఇది మార్పు మాత్రమే కనుక, తుది ఉష్ణోగ్రత కావాలంటే దీన్ని తొలి ఉష్ణోగ్రతకు కలపాలి. పరీక్షల్లో చాలామంది మరచిపోయేది ఈ చివరి మెట్టే.

అసలు రుచి రెండు పదార్థాలు కలిసినప్పుడు తెలుస్తుంది. 100 డిగ్రీల వద్ద ఉన్న కిలో ఇనుప ముక్కను 20 డిగ్రీల వద్ద ఉన్న కిలో నీటిలో వేస్తే, సగటు తీసి 60 అని చెప్పాలనిపిస్తుంది. కానీ సమానం కావలసినవి ఇనుము కోల్పోయిన ఉష్ణమూ, నీరు గ్రహించిన ఉష్ణమూ. తుది ఉష్ణోగ్రత తెలియదు కనుక దాన్ని ఒక అక్షరంతో సూచించి, 100లోంచి దాన్ని తీసివేసి 450తో గుణించాలి. అలాగే ఆ అక్షరంలోంచి 20 తీసివేసి 4,200తో గుణించాలి. ఈ రెండు లబ్ధాలనూ సమానం చేసి సాధిస్తే దాదాపు 27.7 డిగ్రీలు వస్తుంది. ఇనుము 72 డిగ్రీలకు పైగా చల్లబడితే నీరు వేడెక్కింది 8 డిగ్రీల లోపే. ప్రయోగశాలలో కొలిస్తే ఇంకాస్త తక్కువే కనిపిస్తుంది, ఎందుకంటే నీరున్న పాత్ర కూడా కొంత ఉష్ణాన్ని తీసుకుంటుంది, చుట్టూ ఉన్న గాలికీ కొంత పోతుంది. అందుకే జాగ్రత్తగా లెక్కించేవారు పాత్ర ద్రవ్యరాశినీ, విశిష్టోష్ణాన్నీ సమీకరణంలో చేరుస్తారు.

ఈ సూత్రానికి ఒక హద్దు ఉంది. పదార్థం ఘనంగానో ద్రవంగానో ఉన్న స్థితి మారనంత వరకే అది పనిచేస్తుంది. సున్నా డిగ్రీల వద్ద ఉన్న కిలో మంచుకు అదే 84,000 జౌళ్లు అందించి, మంచు విశిష్టోష్ణం 2,100 అని సూత్రంలో వేస్తే, 40 డిగ్రీలు పెరగాలని జవాబు వస్తుంది. నిజానికి కిలో మంచు కరగడానికే సుమారు 3,34,000 జౌళ్లు కావాలి కనుక, అందులో దాదాపు పావు కిలో మాత్రమే కరుగుతుంది, ఉష్ణమాపకం సున్నా దగ్గరే ఉంటుంది.