హైదరాబాద్ దగ్గర కుక్కతో హైకింగ్: ఖాజాగూడ, అనంతగిరి, భువనగిరి రివ్యూ

అందరికీ నమస్కారం. ఇదిగో, నా కాళ్ళ దగ్గర కూర్చుని కెమెరా స్ట్యాండ్ కొరకాలని చూస్తున్నవాడు బజ్జీ. పక్కా నాటు కుక్క. వీధిలో పుట్టాడు, ఇప్పుడు సోఫా మీద పడుకుంటున్నాడు.

హైదరాబాద్‌లో కుక్కను తీసుకుని ఎక్కడికి వెళ్ళాలి అని ఎవర్ని అడిగినా కేఫ్ పేర్లే చెప్తారు. మనం కాఫీ తాగుతుంటే అది టేబుల్ కింద ఆవలిస్తూ పడి ఉంటుంది. అందులో దానికేం సుఖం? అందుకే ఈ వీడియోలో గుట్టలు, అడవి. ఒక్క మాట ముందే చెప్తున్నా. ఇక్కడ నేను ఇచ్చే మార్కులు వ్యూ చూసి కాదు. కింద బండ ఎలా ఉంది, నీడ ఉందా, అక్కడ ఏ జంతువులు తిరుగుతాయి, ఇవి చూసి ఇస్తున్నా.

కుదరని చోట్లు ముందు తీసేద్దాం. కేబీఆర్ పార్క్, చిలుకూరు దగ్గరి మృగవని, వనస్థలిపురం దగ్గరి హరిణ వనస్థలి. మనం పార్కు అని పిలుస్తాం కానీ మూడూ నేషనల్ పార్కులు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి. కుక్కతో వెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారు. "మా వాడు ఏమీ చెయ్యడండీ" అని సెక్యూరిటీతో వాదించేవాళ్ళు ఉంటారు. ఏమీ చెయ్యక్కర్లేదు, దాని వాసనకే జింకలు బెదిరిపోతాయి. పైగా డిస్టెంపర్ లాంటి జబ్బులు కుక్కల నుంచి నక్కలకు అంటుకుంటాయి. ఈ విషయంలో నా ఓటు ఫారెస్ట్ వాళ్ళకే.

ఇప్పుడు ఖాజాగూడ. గచ్చిబౌలి, రాయదుర్గం వైపు ఉండేవాళ్ళకు ఇది ఇంటి వెనక పెరడు లాంటిది. దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్ బండలు, అటు చూస్తే ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అద్దాల బిల్డింగులు. గుట్ట మీద దర్గా ఉంది, దారిలో భక్తులు వస్తూ పోతూ ఉంటారు. అక్కడ మాత్రం కుక్కను పక్కకు తీసుకుని, లీష్ చేతికి చుట్టుకుని నడవండి. కుక్క అంటే పడనివాళ్ళు, భయపడేవాళ్ళు ఉంటారు. వాళ్ళ దారికి అడ్డం వెళ్ళడం మనకు మర్యాద కాదు.

ఈ షాట్ చూడండి. బజ్జీ ఎక్కేటప్పుడు ఒక్కసారి కూడా ఆలోచించడు. ఎండిన గ్రానైట్ గరుకుగా ఉంటుంది కాబట్టి అరికాళ్ళకు పట్టు బాగా దొరుకుతుంది. అసలు పని దిగేటప్పుడు. బరువంతా ముందుకాళ్ళ మీద పడుతుంది. చూశారా, అంచు దాకా వచ్చి ఆగాడు, ఒక కాలు కిందికి పెట్టి మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు, నా మొహం చూస్తున్నాడు. ఇక్కడ మెడ పట్టీ పట్టుకుని లాగామంటే గొంతు బిగుసుకుంటుంది. వీపు మీద హ్యాండిల్ ఉన్న హార్నెస్, అంటే ఛాతీ చుట్టూ వేసే పట్టీ అయితే సూట్‌కేస్ ఎత్తినట్టు ఎత్తి దింపెయ్యొచ్చు. ఖాజాగూడకు మెడ పట్టీ ఒక్కటే వేసుకుని వెళ్ళకండి, నేనిచ్చే గట్టి సలహా ఇదే.

ఇంకో సంగతి, టైమింగ్. ఇక్కడ సన్‌సెట్ బాగుంటుందని అందరూ సాయంత్రం వెళ్తారు. మనకు బాగానే ఉంటుంది, చల్లగాలి, కాళ్ళకు షూస్. కానీ పొద్దంతా ఎండ తాగిన బండ సూర్యుడు దిగగానే చల్లారదు. మీ అరచెయ్యి వెనక్కి తిప్పి బండ మీద పెట్టి ఏడు సెకన్లు ఆగండి. ఆపలేకపోతే కుక్క నడవకూడదు. అందుకే నా లెక్కలో ఖాజాగూడ తెల్లవారుజాము చోటు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. మార్చి తర్వాత ఎండ ఎక్కకముందే కిందికి దిగిపోవాలి. వానాకాలంలో బండల మీద పాచి పడుతుంది, అప్పుడు మనిషికే పట్టు దొరకదు.

ఒక్క పెద్ద మైనస్ ఉంది. పగిలిన బీరు సీసాలు. గుట్ట పైకి వచ్చి తాగి, సీసా బండకేసి కొట్టి వెళ్ళే మహానుభావుల గురించి ఏమనాలో అర్థం కాదు. కుక్కకు చెప్పులు ఉండవు కదా. బండల సందుల్లో, కూర్చోవడానికి వీలుగా ఉన్న చోట్ల గాజుముక్కలు ఎక్కువ. అక్కడ మనం ముందు నడిచి, కుక్కను వెనక రానివ్వాలి.

భువనగిరి కోట గురించి రెండు ముక్కలు చాలు. వరంగల్ హైవే మీద యాభై కిలోమీటర్ల లోపే, ఏకశిల కొండ, మనుషులకు బ్రహ్మాండమైన చోటు. కుక్కకు మాత్రం మెట్లు, నున్నటి బండ, నీడ పెద్దగా లేదు. నేను రికమెండ్ చెయ్యను.

అనంతగిరి వేరే కథ. వికారాబాద్ పక్కన, సిటీ నుంచి ఎనభై కిలోమీటర్ల లోపే. చేవెళ్ళ రోడ్డు మీద మర్రిచెట్లు చూసుకుంటూ వెళ్ళడమే సగం సంబరం, కిటికీలోంచి మూతి బయటపెట్టి బజ్జీ కూడా ఎంజాయ్ చేస్తాడు. మూసీ నది పుట్టేది ఈ కొండల్లోనే. ఇక్కడ చెట్ల నీడ ఉంది, కాళ్ళ కింద బండ కాదు, మట్టి. కుక్కకు ఇంతకంటే ఏం కావాలి?

ఇక్కడ కోతులతో మాత్రం జాగ్రత్త. అనంత పద్మనాభస్వామి గుడి చుట్టుపక్కల కోతులు గుంపులుగా ఉంటాయి. కుక్కను చూస్తే అవి ఊరుకోవు, వాటిని చూస్తే కుక్క ఊరుకోదు. మధ్యలో మన చెయ్యి ఊడొస్తుంది. చేతిలో తినుబండారాల కవర్ లేకుండా చూసుకుని, గుడి వైపు కాకుండా దూరంగా బండి ఆపండి. ఇది అటవీ భూమి, కాబట్టి అక్కడి ఫారెస్ట్ సిబ్బందిని అడిగి, వాళ్ళు సరే అన్న దారిలోనే నడవండి. లీష్ అస్సలు విప్పొద్దు. అడవి పందులుంటాయి, పాములుంటాయి. కుక్క పొదలో మూతి పెట్టిందంటే రక్తపింజరి కాటు పడేది ఆ మూతి మీదే.

చిరుత ఎక్కడో నల్లమలలోనే ఉంటుందనుకోకండి. 2020 లాక్‌డౌన్‌లో కాటేదాన్ దగ్గర నడిరోడ్డు మీద చిరుత పడుకున్న వీడియో మీరూ చూసే ఉంటారు. చిరుతకు కుక్క అంటే ఆహారం. చీకటి పడే వేళకు అడవి దారిలో ఉండొద్దు.

దారిలో గొర్రెల మంద ఎదురైంది. కాపరి పెద్దాయన దూరం నుంచే కేకేశాడు, "జర కుక్కను గట్టిగ పట్టుకోండ్రి సారూ, మా కుక్కలు మంచియి కావు" అని. ఆయన చెప్పింది నిజం. మందకు కాపలా ఉండే కుక్కలు కొత్త కుక్కను దగ్గరకు రానివ్వవు. మంద దాటేదాకా పక్కకు తప్పుకుని నిలబడటమే పద్ధతి.

ఇక కారెక్కేముందు చెయ్యాల్సిన పని. వేళ్ళ సందులు ఒక్కొక్కటి విప్పి చూడండి. క్లోజప్‌లో కనిపిస్తోందా? అదిగో, పల్లేరు కాయ. రెండు మెత్తల మధ్య ముల్లు దిగింది. బజ్జీ కుంటలేదు, ఊరికే కాలు నాకుతున్నాడు, అంతే. నాకుతున్నాడంటే అక్కడ ఏదో ఉన్నట్టే. తర్వాత చెవుల లోపల, చంకల్లో, తోక కింద పిడుదులు వెతకాలి. ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నేరుగా పైకి లాగండి. కిరసనాయిలు పొయ్యడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. పిడుదు వల్ల వచ్చే ఎర్లీకియా జ్వరం కుక్క ప్రాణం మీదికి తెస్తుంది. నెలనెలా వేసే పిడుదుల మందు, రేబిస్, లెప్టో (లెప్టోస్పైరోసిస్) టీకాలు అయ్యాకే ట్రిప్ ప్లాన్ చేసుకోండి.

నడుస్తుండగా విపరీతంగా రొప్పుతూ, చొంగ కారుస్తూ, తూలుతూ ఉంటే అది వడదెబ్బ. నీడలోకి తీసుకెళ్ళి పొట్ట మీద, కాళ్ళ మీద మామూలు నీళ్ళు పోస్తూ గాలి తగలనివ్వండి. అలాగే డాక్టర్ దగ్గరికి బయల్దేరండి. కుక్క కోసం వేరే నీళ్ళ సీసా మోయాల్సిందే, గుంటల్లో నీళ్ళు తాగనివ్వొద్దు.

నా మార్కులు: పదికి ఖాజాగూడ ఏడు, ఆ సీసాలు లేకపోతే తొమ్మిది ఇచ్చేవాణ్ణి. అనంతగిరి ఎనిమిది, వీక్‌డే అయితేనే. ఆదివారం జనంలో ఐదు.

పగ్, షిట్జు, బుల్‌డాగ్ ఉన్నవాళ్ళు మాత్రం ఇవన్నీ చూసి ఆవేశపడకండి. మూతి చప్పిడిగా ఉన్న జాతులు రొప్పి ఒళ్ళు సరిగ్గా చల్లబరచుకోలేవు. వాటికి జీహెచ్ఎంసీ 2018లో కొండాపూర్‌లో తెరిచిన డాగ్ పార్క్ నయం. గడ్డి ఉంది, కంచె ఉంది, లీష్ విప్పొచ్చు. టీకాల కార్డు వెంట తీసుకెళ్ళండి.