సినిమాల్లో జీన్ థెరపీ: మందు ఏ కణాల్లోకి చేరింది?

నమస్తే. జీన్ థెరపీ అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఏదో ఒక హాలీవుడ్ సినిమానే. ఇంజెక్షన్ ఇస్తారు, నరాలు ఉబ్బుతాయి, తెల్లారేసరికి మనిషి ఇంకేదో జీవిగా మారిపోతాడు. ఈ వీడియోలో అలాంటి కొన్ని సినిమాలను తీసుకుని, ఆసుపత్రుల్లో నిజంగా జరుగుతున్న చికిత్స పక్కన పెట్టి చూద్దాం. సైన్స్ చదవకపోయినా ఫర్వాలేదు. ఒక్క ప్రశ్న గుర్తుపెట్టుకోండి చాలు: పంపిన జన్యువు ఏ కణాల్లోకి వెళ్లింది, ఎలా వెళ్లింది?

ఈ ప్రశ్న ఎందుకంటే, మన ఒంట్లో 30 లక్షల కోట్లకు పైగా కణాలున్నాయి. ఒక జన్యువు సరిగ్గా పనిచేయకపోతే దాని మంచి కాపీని కణంలోకి పంపడం, లేదా ఉన్నదాన్నే సరిచేయడం జీన్ థెరపీ. చెప్పడానికి ఒక్క మాట. చిక్కంతా పంపడంలోనే ఉంది. బయటినుంచి వచ్చే డీఎన్ఏను కణం ఊరికే లోపలికి రానివ్వదు. కణంలోకి దూరే విద్య తెలిసినవి వైరస్‌లు. అందుకే శాస్త్రవేత్తలు వైరస్‌ను తీసుకుని, జబ్బు చేసే జన్యువులు, తన కాపీలు చేసుకునే జన్యువులు తీసేసి, వాటి స్థానంలో రోగికి కావాల్సిన జన్యువు పెడతారు. దీన్ని వెక్టర్ అంటారు.

(స్క్రీన్‌పై: ఐ యామ్ లెజెండ్, 2007)

ఈ సినిమా మొదట్లో ఒక డాక్టర్ టీవీ ఇంటర్వ్యూలో కూర్చుని, తట్టు వైరస్‌ను మార్చి క్యాన్సర్‌కు మందు చేశామని చెబుతుంది. 10,009 మందికి ఇచ్చామని, 10,009 మందికీ నయమైందని అంటుంది. తర్వాత అదే వైరస్ లోకాన్ని ఖాళీ చేస్తుంది.

ఇందులో ఆలోచన మాత్రం ఉత్త కల్పన కాదు. అమెరికాలో మేయో క్లినిక్ పరిశోధకులు మార్పులు చేసిన తట్టు వైరస్‌ను మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్ ఉన్న రోగులకు ఇచ్చి, ఇద్దరి ఫలితాలను 2014లో ప్రచురించారు. ఒకామెకు క్యాన్సర్ కొన్ని నెలలపాటు పూర్తిగా కనిపించకుండా పోయింది. రెండో రోగిలో అంత ఫలితం రాలేదు. వాళ్లకు ఇచ్చిన డోసు 10 వేల కోట్ల వైరస్ యూనిట్లు. టీకాలో ఉండేది సుమారు 10 వేలు. ఆ ఇద్దరినీ ఎంచుకోవడానికి ఒక కారణం, వాళ్ల రక్తంలో తట్టుకు యాంటీబాడీలు చాలా తక్కువగా ఉండటం. యాంటీబాడీలు ఎక్కువుంటే వైరస్ క్యాన్సర్ కణం దాకా చేరకముందే అయిపోతుంది. పదివేల మందికి పదివేల మందీ బాగుపడటం సినిమాలోనే సాధ్యం. నిజంలో ఒకరికి పనిచేసి ఇంకొకరికి ఎందుకు పనిచేయలేదని వెతకడమే పరిశోధన.

అక్కడ వాడినది క్యాన్సర్ కణాల్లో పెరిగి వాటిని చంపే రకం వైరస్. జన్యులోపాలకు ఎక్కువగా వాడేది ఏఏవీ అనే ఇంకో వైరస్‌తో చేసిన వెక్టర్, అది వేరు. అది తన కాపీలు తాను చేసుకోలేదు. ఒక కణంలో దూరి, జన్యువు దింపి, అక్కడితో దాని పని ముగుస్తుంది. రోగి తుమ్మితే పక్కవాడికి అంటుకుని ఊరంతా పాకే ప్రమాదం అందులో లేదు.

మరి ప్రమాదమే లేదా? ఉంది, సినిమాలు చూపించని చోట ఉంది. 1999 సెప్టెంబరులో జెస్సీ గెల్సింగర్ అనే 18 ఏళ్ల కుర్రాడు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగంలో చేరాడు. అతనికి ఓటీసీ లోపం అనే కాలేయ జబ్బు. పథ్యం, మందులతో నెట్టుకొస్తున్నాడు. అడినోవైరస్ అనే వేరే వైరస్‌తో చేసిన వెక్టర్ ఎక్కించిన నాలుగు రోజులకు చనిపోయాడు. వైరస్ మీద అతని రోగనిరోధక వ్యవస్థ విపరీతంగా తిరగబడి అవయవాలు దెబ్బతిన్నాయి. దాదాపు అదే కాలంలో పారిస్‌లో, పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేని పిల్లలకు చేసిన చికిత్సలో జన్యువు సరైన కణాల్లోకే వెళ్లింది, పిల్లలు కోలుకున్నారు కూడా. కానీ వైరస్ ఆ జన్యువును డీఎన్ఏలో క్యాన్సర్‌ను ప్రేరేపించే చోటు పక్కన అతికించడంతో కొందరికి ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ వచ్చింది. ఈరోజు వెక్టర్లు ఇంత జాగ్రత్తగా తయారవుతున్నాయంటే ఆ కుర్రాడూ ఆ పిల్లలూ కారణం. ఈ సంగతి జాంబీలంత పేరు తెచ్చుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది.

(స్క్రీన్‌పై: రైజ్ ఆఫ్ ది ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్, 2011)

ఇందులో శాస్త్రవేత్త తన తండ్రికి అల్జైమర్స్ మందు ఇస్తాడు. రాత్రికి రాత్రి ఆయన పియానో వాయించేస్తాడు. ఇది తప్పు. చనిపోయిన మెదడు కణాలను జన్యువు తిరిగి తీసుకురాలేదు. నాడీకణాలు చనిపోయి కండరాలు బలహీనపడే ఎస్ఎంఏ అనే జబ్బుకు 2019లో అమెరికా ఆమోదించిన జోల్జెన్‌స్మానే చూడండి. గంటసేపు నరంలోకి ఎక్కిస్తారు, ఒక్కసారే. బతికున్న నాడీకణాలను కాపాడుతుంది, పోయినవాటిని తేలేదు. అందుకే బిడ్డ పుట్టిన వెంటనే జబ్బు కనిపెట్టి ఇస్తే ఒక ఫలితం, ఏడాది ఆగితే ఇంకో ఫలితం.

అయితే ఈ సినిమాలో ఒక విషయం నాకు చాలా నచ్చింది. కొన్నేళ్లకు తండ్రి జబ్బు తిరగబెడుతుంది, కారణం ఆయన శరీరంలో ఆ వైరస్‌కు యాంటీబాడీలు తయారవడం. ఇది అచ్చం నిజం. ఏఏవీ వెక్టర్ ఒకసారి ఇచ్చాక యాంటీబాడీలు వస్తాయి కాబట్టి రెండో డోసు ఇవ్వడం చాలా కష్టం. ముందే యాంటీబాడీలున్నవాళ్లను చాలా ప్రయోగాల్లో చేర్చుకోనే చేర్చుకోరు.

(స్క్రీన్‌పై: ర్యాంపేజ్, 2018)

ఇక్కడ క్రిస్పర్ పేరు వినిపిస్తుంది. గొరిల్లా ఒక గ్యాస్ పీల్చి ఇంతింతై పెరిగిపోతుంది. మన ప్రశ్న అడగండి: పీల్చిన గ్యాస్ ఎముకల్లోకి, కండరాల్లోకి, చర్మంలోకి ఒకేసారి ఎలా వెళ్లింది? దీనికి సమాధానం లేదు. క్రిస్పర్ డీఎన్ఏలో చెప్పిన చోట కత్తిరించే పరికరం మాత్రమే. దాన్ని రూపొందించిన ఎమాన్యుయెల్ షార్పెంటియె, జెన్నిఫర్ డౌడ్నాలకు 2020లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది.

మనవాళ్లు చాలామంది చూసిన ‘సెవెన్త్ సెన్స్’ సంగతి కూడా చెప్పాలి. వందల ఏళ్ల కిందటి బోధిధర్ముడి విద్యలు వంశస్థుడి డీఎన్ఏలో నిద్రపోతున్నాయని, వాటిని లేపవచ్చని అందులో చూపిస్తారు. నేర్చుకున్న విద్య డీఎన్ఏలో నమోదు కాదు. పైగా తరం తరానికీ పూర్వీకుడి వాటా సగమవుతూ వస్తుంది. యాభై అరవై తరాల తర్వాత ఆయన డీఎన్ఏ ముక్క ఒక్కటి కూడా మిగలకపోవచ్చు.

(స్క్రీన్‌పై: కొడవలి ఆకారంలో ఎర్ర రక్తకణాలు)

ఇప్పుడు నిజంగా క్రిస్పర్‌తో జరిగేది చూద్దాం. సికిల్ సెల్ జబ్బులో హిమోగ్లోబిన్ జన్యువులో ఒకే ఒక్క అక్షరం తప్పు. దానివల్ల ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి, భరించలేని నొప్పి వస్తుంది. 2023 చివర్లో బ్రిటన్, ఆ వెంటనే అమెరికా ఆమోదించిన కాస్‌జెవీ చికిత్సలో ఆ తప్పు అక్షరాన్ని ముట్టుకోరు. తల్లి కడుపులో ఉన్నప్పుడు అందరికీ ఇంకో రకం హిమోగ్లోబిన్ ఉంటుంది, పుట్టాక అది తగ్గిపోతుంది. దాన్ని తగ్గించే బీసీఎల్11ఏ అనే జన్యువును రక్త మూలకణాల్లో, అంటే రక్తకణాలను తయారుచేసే కణాల్లో, అణచేస్తారు. కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ తిరిగి తయారవుతుంది.

మూలకణాల్లోనే ఎందుకంటే, ఎర్రకణం బతికేదే నాలుగు నెలలు, ఈ జబ్బులో అంతకంటే చాలా తక్కువ. పైరులో ఒక్కో మొక్కను సరిచేయడం కన్నా నారుమడిలోనే మంచి విత్తనం వేయడం లాంటిది ఇది. మూలకణాలను రోగి ఒంట్లోంచి తీసి, ల్యాబ్‌లో క్రిస్పర్ పెట్టి, వాటిని తిరిగి ఎక్కించే ముందు గట్టి కీమోథెరపీ ఇచ్చి, పాత మూలకణాలున్న ఎముక మజ్జను ఖాళీ చేస్తారు. జుట్టు రాలుతుంది, నోటినిండా పుళ్లు పడతాయి, పిల్లలు పుట్టకపోయే ప్రమాదమూ ఉంది. వారాల తరబడి ఆసుపత్రిలో ఉండాలి. మొదలైనప్పటినుంచి అయ్యేదాకా నెలలు పడుతుంది.

అమెరికాలో దీని ధర 22 లక్షల డాలర్లు. జోల్జెన్‌స్మా కోసం 2021లో హైదరాబాద్‌లో ఒక జంట తమ బిడ్డకు కావాల్సిన దాదాపు 16 కోట్ల రూపాయల కోసం విరాళాలు పోగుచేయాల్సి వచ్చింది. జీన్ థెరపీ గురించి భయపడాల్సిన విషయం ఏదైనా ఉంటే నా దృష్టిలో అది ఈ ధరే.

ధర తగ్గాలంటే ఇక్కడే తయారవ్వాలి. వెల్లూరు సీఎంసీ వైద్యులు తీవ్రమైన హీమోఫీలియా-ఏ (రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు) ఉన్న ఐదుగురికి జీన్ థెరపీ చేసి 2024లో ఫలితాలు ప్రచురించారు. ఐదుగురిలోనూ రక్తస్రావాలు ఆగాయి. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి రూపొందించిన నెక్స్‌కార్19కు 2023లో అనుమతి వచ్చింది. టీ కణాలనే రోగి సొంత రోగనిరోధక కణాలకే కొత్త జన్యువు ఇచ్చి క్యాన్సర్ మీదికి పంపే చికిత్స అది. విదేశాల్లో ఇలాంటివాటి ధరలో చిన్న వంతుకే ఇక్కడ అందుతోంది.

ఈ లోపు ఎవరైనా జీన్ థెరపీతో షుగరు, ఆటిజం అన్నీ నయం చేస్తామని ప్రకటన ఇస్తే, ఏ జన్యువు, ఏ కణాలు, ఎవరి అనుమతి అని అడగండి. ప్రయోగమే అయితే అది భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదై ఉండాలి. ఆ నంబరు ఇవ్వకుండా లక్షలు కట్టమంటే కట్టకండి.

సికిల్ సెల్ మన రెండు తెలుగు రాష్ట్రాల ఏజెన్సీ ప్రాంతాల్లో చాలా కుటుంబాలను బాధపెడుతోంది. 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపువాళ్లకు పరీక్ష చేసి ఫలితంతో కార్డు ఇస్తున్నారు. జబ్బు లేకపోయినా ఆ జన్యువు ఒక కాపీ మోస్తుండవచ్చు. భార్యాభర్తలిద్దరూ అలా మోసేవాళ్లయితే పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. పెళ్లి మాటలు నడుస్తున్న ఇళ్లలో ఇద్దరి కార్డులూ చూసుకోమని చెప్పండి. కార్డు లేకపోతే దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగమనండి.