చైనీస్ విద్యార్థులకు ఇంగ్లీషు వ్యతిరేక వాక్యం

సభలో ఉన్న ఆంగ్ల ఉపాధ్యాయులందరికీ నమస్కారం.

చైనీస్ మాతృభాషగా గల విద్యార్థి "హీ నాట్ కమ్ యెస్టర్‌డే" అని రాస్తే, దాన్ని ఎర్ర సిరాతో కొట్టివేసి పైన "డిడ్ నాట్ కమ్" అని రాస్తాం. ఆ దిద్దుబాటు సరైనదే గాని, తాను ఎక్కడ దారి తప్పాడో విద్యార్థికి దానివల్ల తెలియదు. ఆ వాక్యం అజాగ్రత్తవల్ల పుట్టింది కాదు. చిన్ననాటినుంచి తన భాషలో పాటిస్తున్న నియమాన్నే అతడు ఇంగ్లీషులోనూ పాటించాడు. ఆ నియమం ఉపాధ్యాయుడికి తెలిసి ఉండాలన్నదే ఈ ప్రసంగంలో నా ప్రధానమైన మాట.

చైనా ప్రామాణిక భాష అయిన మాండరిన్‌లో క్రియారూపం మారదు. పురుషను బట్టి గాని, వచనాన్ని బట్టి గాని, కాలాన్ని బట్టి గాని దానికి ప్రత్యయాలు చేరవు. వ్యతిరేకార్థం కావాలంటే క్రియకు ముందు ఒక చిన్న పదం చేర్చితే చాలు. అయితే ఆ పదాలు ముఖ్యంగా రెండున్నాయి: "బు", "మేయ్". "వో బు ఛ్యూ" అంటే "నేను వెళ్లను". "వో మేయ్ ఛ్యూ" అంటే "నేను వెళ్లలేదు". తెలుగువారికి ఈ తేడా వివరించనక్కరలేదు. ఒకటి ఇష్టాన్ని, అలవాటును, స్థితిని నిరాకరిస్తుంది. రెండవది ఒక పని జరిగిందన్న విషయాన్ని నిరాకరిస్తుంది. మన "వెళ్లలేదు"లో "లేదు" ఉన్నట్టే, "నా దగ్గర డబ్బు లేదు" అనడానికి కూడా వారు "మేయ్"నే వాడతారు.

ఇంగ్లీషు నడక వేరు. అక్కడ "నాట్" మామూలు క్రియను నేరుగా పట్టుకోలేదు; దానికి ఒక సహాయక క్రియ ఆసరా కావాలి. వాక్యంలో "ఈజ్", "క్యాన్", "విల్", "హ్యావ్" వంటివి ఉంటే వాటి వెనుక నిలుస్తుంది, లేకపోతే "డూ"ను పిలిపించుకుంటుంది. షేక్‌స్పియర్ కాలంలో "ఐ నో నాట్" (నాకు తెలియదు) అనే పద్ధతి, "డూ"తో చెప్పే పద్ధతి రెండూ వాడుకలో ఉండేవి. "డూ" తప్పనిసరి కావడం ఆ తరువాతి సంగతి. కాలాన్ని, పురుషను మోసే బాధ్యత కూడా ఆ "డూ"దే: "డూ", "డజ్", "డిడ్". అర్థమంటూ ఏమీ లేని ఒక పదం వాక్యంలోకి వచ్చి ఇంత పని చేయడం చైనీస్ విద్యార్థికి వింతగా తోచడంలో ఆశ్చర్యం లేదు.

"డూ" వాడాలని నేర్చుకున్న తరువాత వచ్చే తప్పు "ఐ డిడ్ నాట్ వెంట్". ఇక్కడ విద్యార్థి సొంత భాషే మనకు సహాయపడుతుంది. "వో ఛ్యూ ల" అంటే "నేను వెళ్లాను". చివరి "ల" పని పూర్తయిందని తెలిపే గుర్తు. దీన్ని వ్యతిరేకంలోకి మార్చి "మేయ్" చేర్చగానే ఆ "ల" తప్పుకోవాలి. "వో మేయ్ ఛ్యూ ల" అంటే ఏ చైనీస్ ఉపాధ్యాయుడైనా దిద్దుతాడు. "డిడ్" రాగానే "వెంట్" తన భూతకాల రూపం వదిలి "గో"గా మారడం సరిగ్గా ఇలాంటిదే. రెండింటినీ నల్లబల్ల మీద పక్కపక్కన రాసి చూపిస్తే, విద్యార్థి కొత్త నియమం నేర్చుకుంటున్నట్టు గాక, తెలిసిన నియమాన్నే మరోచోట గుర్తుపట్టినట్టు భావిస్తాడు.

అలాగని "బు" అంటే "డోంట్", "మేయ్" అంటే "డిడ్‌నాట్" అని పట్టిక వేసి ఇవ్వకూడదు. "ఇదివరకు నాకు టీ ఇష్టం ఉండేది కాదు" అన్న వాక్యం గతానికి చెందినదైనా, ఇష్టం ఒక స్థితి కాబట్టి మాండరిన్ "బు"నే కోరుతుంది. పట్టికను నమ్మిన విద్యార్థి "బిఫోర్, ఐ డోంట్ లైక్ టీ" అని రాస్తాడు. "మేయ్ ఛ్యూ గ్వో", అంటే "ఎప్పుడూ వెళ్లి ఎరగను" అన్నది, చాలాసార్లు "హ్యావ్ నాట్ బీన్" అవుతుంది. వారి పదాలు పని స్వభావాన్ని చూస్తాయి, ఇంగ్లీషు సహాయక క్రియ ముందుగా కాలాన్ని చూస్తుంది. ఈ తేడా ఉదాహరణలతో నిదానంగా బోధపడవలసిందే.

"డోంట్"ను విడదీయని ఒకే ముక్కగా నేర్చుకున్నవారు "హీ డోంట్ క్యాన్ స్విమ్" అంటారు. ఇంగ్లీషు మాతృభాషగా నేర్చే పిల్లలను పరిశీలించి క్లైమా, బెలూజీ 1966లో ప్రకటించిన వ్యాసంలోనూ, "డోంట్", "కాంట్" అనేవి మొదట విడదీయని ముక్కలుగానే వస్తాయని చూపారు. కనుక ఇది ఎదుగుదలలో ఒక మెట్టు. దానికి విద్యార్థిని మందలించడం అన్యాయం.

ఉచ్చారణ విషయాన్ని వ్యాకరణ పుస్తకాలు పట్టించుకోవు గాని, నా దృష్టిలో అది అంతకన్నా ముఖ్యమైనది. మాండరిన్ అక్షరం అచ్చుతో గాని, "న్", "ఙ్", "ర్" ధ్వనులతో గాని ముగుస్తుంది; చివర "ట్" ఉండదు. అందుచేత "కాంట్" చివరి ధ్వని జారిపోయి, అమెరికన్ శ్రోతకు "క్యాన్" అనే వినిపిస్తుంది, అర్థం పూర్తిగా తలకిందులవుతుంది. "ట్"ను గట్టిగా పలికించడం కన్నా మంచి ఉపాయం ఒకటుంది. అమెరికన్ ఉచ్చారణలో అనుకూల వాక్యంలోని "క్యాన్" కుంచించుకుపోయి "కన్" అవుతుంది, వ్యతిరేక రూపం మాత్రం నిండు అచ్చుతో, ఊనికతో నిలుస్తుంది. మొదటిదాన్ని తేలికగా పలకడం నేర్పితే రెండవది తనంతట తానే విడిగా వినిపిస్తుంది.

చివరిగా జవాబుల సంగతి. "నువ్వు తినలేదా?" అని అడిగితే మనం "అవును, తినలేదు" అంటాం. చైనీస్ వారూ అంతే. అడిగినవారి మాట నిజమా కాదా అన్నదానికి జవాబిస్తారు. ఇంగ్లీషులో మాత్రం జవాబు వాక్యమే వ్యతిరేకమైతే "నో" అనాలి. ఆసుపత్రిలో నర్సు "మీకు పడని మందులేవీ లేవు కదా?" అన్న అర్థంలో ఇంగ్లీషులో అడిగినప్పుడు, రోగి తన భాషాపద్ధతిలో "యెస్" అంటే, ఏదో మందు పడదని ఆమె రాసుకునే ప్రమాదం ఉంది. కనుక ఒంటి "యెస్", "నో"లతో ఆగకుండా "నో, ఐ డోంట్" అని సహాయక క్రియతో కలిపి జవాబు చెప్పడం మొదటి తరగతినుంచే అలవాటు చేయించండి. ఈ విషయంలో తెలుగు విద్యార్థులకూ ఇదే అభ్యాసం అవసరం.