పాత మాన్యువల్ స్పోర్ట్స్ కారు: కొనేముందు క్లచ్‌ను ఎలా పరీక్షించాలి

నమస్కారం. బెంగళూరులో నాతో పనిచేసే మిత్రుడొకరు ఇందిరానగర్‌లో అమ్మకానికి వచ్చిన పాత ఫియట్ అబార్త్ పుంటో కారును చూడటానికి వెళ్తూ నన్ను తోడు రమ్మన్నారు. ఆ రోజు మేము చేసిన పరీక్షలను, ఇప్పుడు ఆయన సొంతమైన ఈ కారు పక్కనే నిలబడి మీకు చూపిస్తాను.

2015లో మన దేశంలో విడుదలైన ఈ కారుకు 1.4 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్, 145 హార్స్‌పవర్ శక్తి, 5 గేర్ల మాన్యువల్ గేర్‌బాక్స్ ఉన్నాయి. దగ్గరికి వెళ్లగానే కన్ను అబార్త్ చిహ్నమైన ఈ తేలు బొమ్మ మీదికీ, చెవి ఇంజన్ శబ్దం మీదికీ పోతాయి, అమ్మేవారికి కావలసిందీ అదే. మీరు మాత్రం ధ్యాసంతా ఎడమ కాలి మీద పెట్టండి. సిల్క్ బోర్డు, ఔటర్ రింగ్ రోడ్డు రద్దీలో సగం నొక్కిన క్లచ్‌తో గంటల తరబడి పాకిన కారులో, ఇంజన్ నిక్షేపంగా ఉన్నా క్లచ్ ప్లేటు అరిగిపోయి ఉండవచ్చు.

మీరు వచ్చేదాకా కారు స్టార్ట్ చేయవద్దని యజమానికి ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద అరచేయి ఆనించి చూడండి. మేము వెళ్లేసరికి అది వెచ్చగా ఉంది. "పొద్దున పాలకోసం తీశానండి" అన్నారు యజమాని. నిజమే కావచ్చు గాని, వేడెక్కిన గేర్‌బాక్స్ కొన్ని లోపాలను బయటపెట్టదు కనుక మర్నాడు తెల్లవారే మళ్లీ వెళ్లాము.

ఇంజన్ స్టార్ట్ చేసి, న్యూట్రల్‌లో ఉంచి, క్లచ్ పెడల్ మీది నుంచి కాలు పూర్తిగా తీసేసి వినండి. అప్పుడు వినిపించే గరగర, క్లచ్ నొక్కగానే ఆగిపోతే, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ (ఇంజన్ శక్తిని గేర్‌బాక్స్‌లోకి తెచ్చే కడ్డీ) బేరింగ్‌ను అనుమానించాలి. నొక్కినప్పుడే శబ్దం మొదలైతే మాత్రం క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్ అరిగిందనుకోవచ్చు. ఏది మార్చాలన్నా గేర్‌బాక్స్ కిందికి దించవలసిందే, విడిభాగం ధర కన్నా ఆ కూలీయే ఎక్కువ బాధపెడుతుంది.

తరువాత కారు కదిలించి, 3వ గేరు నుంచి 2వ గేరుకు తొందరపడకుండా దించండి. కరకరమంటే, గేర్లు సాఫీగా కలిసేలా చేసే సింక్రోనైజర్ అరిగినట్లే.

అసలు పరీక్ష ఖాళీ రోడ్డు మీద జరగాలి. మేము నగర శివార్లలోని నైస్ రోడ్డుకు వెళ్లాము. 4వ గేరులో 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్‌ను పూర్తిగా నొక్కినప్పుడు, ఆర్‌పీఎం ముల్లు, వేగం రెండూ కలిసి పెరగాలి. మా మిత్రుడు నొక్కగానే ముల్లు గభాలున పైకి లేచింది, వేగం మాత్రం తీరుబడిగా వెనకాల వచ్చింది, కాసేపటికి మాడు వాసన కూడా తగిలింది. అంటే క్లచ్ పట్టు తప్పి జారుతోందన్నమాట. హ్యాండ్‌బ్రేక్ వేసి పై గేరులో క్లచ్ వదిలి చూడమని కొందరు చెబుతారు గాని, ఇంకా మనది కాని కారును అలా హింసించడం నాకు నచ్చదు.

ఇక కాగితాల విషయం. ఆర్‌సీలో (రిజిస్ట్రేషన్ పత్రంలో) బ్యాంకు హైపోథికేషన్, అంటే అప్పు తాకట్టు, ఉంటే అది తొలగించాకే డబ్బు ఇవ్వండి. యాజమాన్య బదిలీకి ఉద్దేశించిన ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు తీసుకోండి. కొన్నవారు 30 రోజుల్లోగా బదిలీకి దరఖాస్తు చేయాలి. హైదరాబాదు నంబరున్న కారైతే అక్కడి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం)తో పాటు, కర్ణాటక జీవితకాల పన్నును కూడా లెక్కలో వేసుకోండి. బీమాలోని నో క్లెయిమ్ బోనస్ పాత యజమానిదే, అది కారుతో రాదు.

క్లచ్ జారుతున్న సంగతి యజమానికి కూడా నడిపి చూపించాము. కొత్త క్లచ్ సెట్టు, కూలీ కలిపి గ్యారేజీవారు చెప్పిన మొత్తాన్ని ఆయన ధరలో తగ్గించారు. విప్పి తీసిన ఆ పాత ప్లేటు ఇదిగో, నా చేతిలో ఉంది. ఈ అంచున వేలితో తడిమితే రివెట్ల తలలు లైనింగ్‌తో (ప్లేటు మీది రాపిడి పొరతో) సమానంగా తగులుతున్నాయి, అంటే ఆ పొర అంతగా అరిగిపోయింది.