మీటర్ల లెక్కలోకి రాని పని

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, ముందు వరసల్లో కూర్చున్న జియాలజీ, సివిల్ పిల్లలకు కూడా. డిసెంబర్ 5, ప్రపంచ మృత్తికా దినోత్సవం కదా, బోర్లు వేసి కాలుష్యాన్ని ఎలా వెతుకుతారో ఇరవై నిమిషాల్లో చెప్పమన్నారు. చెప్తాను. ఇరవై ఆరేళ్ళు రిగ్గు పక్కన నిలబడ్డ పని అది.

మన విశాఖ నేల అంతా ఒకటి కాదు. కొండల వైపు పైన ఎర్రమట్టి, దాని కింద గ్రావెల్, ఆ కింద చేత్తో నలిపితే పొడయ్యే ఖొండలైట్ రాయి. పోర్టు వైపు వెళ్తే నల్లటి మెత్తటి బంకమట్టి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్రంగా కలుషితమైన పారిశ్రామిక ప్రాంతాల జాబితాలో మన ఊరిని చేర్చింది. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ అనే విష ఆవిరి లీకైన తర్వాతైతే, మా పెరట్లో ఏముందో చూడండి బాబూ అని అడగనివాళ్ళు లేరు.

చూడటానికి మా దగ్గరున్న సాధనం స్ప్లిట్ స్పూన్. నిలువునా రెండుగా విడిపోయే ఉక్కు గొట్టం అది. 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ దాన్ని నేలలోకి దించుతారు. పైకి తీసి విప్పితే మట్టి ముద్ద పొరలు పొరలుగా కనిపిస్తుంది. డీజిల్ ఉంటే ముక్కే ముందు చెప్తుంది. అలా అని వాసన చూడకండి, దానికి ఆవిరిని కొలిచే మీటరుంది. ఆవిరైపోయే రసాయనాల కోసం తీసే మట్టిని అన్నిటికంటే ముందు సీసాలోకి ఎక్కించాలి. ఎండలో పది నిమిషాలు వదిలేస్తే మనం వెతికేది గాల్లో కలిసిపోతుంది. ఆపైన ఐసు పెట్టె, 4 డిగ్రీలు, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్ళిందో రాసే కాగితం. ఇవన్నీ మీ మాస్టార్లు చెప్పే ఉంటారు.

నేను చెప్పాలనుకున్నది వేరే ఉంది.

చాలా ఏళ్ళ కిందట గాజువాక వైపు ఒక పాత ఇంధన ట్యాంకు చుట్టూ బోర్లు వేశాం. మూడో బోరు ట్యాంకు పక్కనే. మట్టి నల్లగా, జిడ్డుగా వచ్చింది. నాలుగోది ప్రహరీగోడ దగ్గర, గోడ అవతల ఇళ్ళు. సాయంత్రం అవుతోంది. కాంట్రాక్టరుకి డబ్బు తవ్విన లోతుకి, మీటరు లెక్కన. స్పూనుని, దాన్ని దించే రాడ్లని కడిగితే మీటరు పెరగదు. మూడో బోరులో వాడిన స్పూనునే గోనెపట్టాతో తుడిచి నాలుగో బోరులోకి దించేశారు. నేను అక్కడే ఉన్నాను. స్పూను కొస దగ్గర మరల్లో నల్లటి జిడ్డు మెరవడం చూశాను. కడగండి అనలేదు. తప్పు నాది.

ల్యాబు రిపోర్టులో నాలుగో బోరు మట్టిలో డీజిల్ ఉందని వచ్చింది. ఆ మాట గోడ దాటింది. నూతి నీళ్ళు పరీక్ష చేయించేలోగానే వీధంతా కంగారు, గొడవ. గోడ పక్కింటి మామ్మ తన నూతిని కప్పెట్టించేసింది. రెండు ట్రాక్టర్ల గ్రావెల్ పోశారు. అత్తగారి కాలం నుంచి తాగుతున్న తీపి నీళ్ళు.

ఏడు నెలల తర్వాత అదే చోట, కడిగిన స్పూనుతో మళ్ళీ తీస్తే డీజిల్ జాడ లేదు. చెప్పడానికి నేనే వెళ్ళాను. కప్పెట్టిన చోట అరటి పిలక నాటింది. అంతా విని, "అయితే మళ్ళీ తవ్వించేస్తారేటి నాయనా?" అని అడిగింది.

పిల్లలూ, నాకు ఆరోజు నోరు పెగల్లేదు. ఈరోజూ పెగలదు.

అందుకే అడుగుతున్నాను. మీలో కొందరు రేపు టెండర్లు రాసే కుర్చీల్లో కూర్చుంటారు. కలుషిత స్థలాల మీద 2025లో కేంద్రం నియమాలు తెచ్చింది, ఇకమీద ఈ పని పెరుగుతుంది. టెండరులో డ్రిల్లింగుకి మీటరుకింత అని రాసినచోటే, బోరు బోరుకీ స్పూను, రాడ్లు కడగడానికి ఇంత, పని అయ్యాక బోరుని నీళ్ళు తగిలితే ఉబ్బే బంకమట్టి బెంటొనైట్‌తో అడుగు నుంచి పైదాకా మూయడానికి ఇంత అని విడిగా రేటు వేయండి. మూయకుండా వదిలిన బోరు పై మురికిని కింది నీళ్ళదాకా దించే గొట్టం అవుతుంది. డబ్బు లేని పని సైటులో జరగదు, ఎంత మంచివాడు ఉన్నా జరగదు. శుభ్రంగా ఉన్న వైపు మొదలుపెట్టి మురికి వైపు వెళ్ళమని కూడా రాయండి. ఆరోజు మేం దానికి తిరగేసి, మురికి వైపు నుంచి శుభ్రమైన వైపుకొచ్చాం.

ఇంకో మాట. కడిగాం అంటే సరిపోదు. కడిగిన స్పూను మీద డిస్టిల్డ్ వాటరు పోసి, జారిన ఆ నీళ్ళనే సీసాలో పట్టి ల్యాబుకి పంపాలి. అందులో ఏమీ లేకపోతేనే కడిగినట్టు.

టైమైపోయిందని అధ్యక్షులు చీటీ పంపారు. స్లైడ్లు ఇంకా ఉన్నాయి, వద్దులెండి. బయట వేపచెట్టు కింద డీజిల్ పూసిన స్పూను ఒకటి, బ్రష్షు, సబ్బు నీళ్ళు, మంచినీళ్ళు, డిస్టిల్డ్ వాటరు మూడు బకెట్లు పెట్టించాను. గ్లౌజులు అందరికీ ఉన్నాయి. రండి, కడుగుదాం.