క్రాస్‌లో కాంట్రడిక్షన్: ఐఓ దాకా తీసుకెళ్లాల్సిన పని

మిత్రులారా, సెషన్స్ కేసుల్లో కొత్తగా క్రాస్ (ఎదుటిపక్షం సాక్షిని ప్రశ్నించడం) మొదలుపెట్టిన జూనియర్ల కోసం ఈ పూట ఒక్క విషయమే తీసుకున్నాను. పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలానికీ కోర్టులో చెప్పిన సాక్ష్యానికీ ఉన్న తేడాను, అంటే కాంట్రడిక్షన్‌ను, రికార్డుకెక్కించడం ఎలా అన్నది. తేడా కళ్లెదుటే ఉన్నా తీర్పులో కనిపించకపోతే, తప్పు చాలాసార్లు మనం అడిగిన తీరులోనే ఉంటుంది.

భారతీయ సాక్ష్య అధినియమం 2024 జులై 1న అమల్లోకి వచ్చింది. అప్పటికే పెండింగులో ఉన్న ట్రయల్స్ 1872 చట్టం కిందే నడుస్తాయి. సాక్షిని అతని పాత రాతపూర్వక వాంగ్మూలంతో నిలదీయడం గురించి చెప్పే పాత 145వ సెక్షన్ ఇప్పుడు 148. పోలీసు వాంగ్మూలాన్ని ఎంతవరకు వాడుకోవచ్చో చెప్పే సీఆర్‌పీసీ (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 162, దాని స్థానంలో వచ్చిన నాగరిక సురక్షా సంహితలో 181 అయింది. నంబర్లు మారినా చేయాల్సిన పని అదే.

ఒక హత్య కేసు అనుకుందాం. పీడబ్ల్యూ1 (ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి) చీఫ్‌లో, అంటే సొంత పక్షం అడిగినప్పుడు, "ఏ1 (మొదటి నిందితుడు) గొడ్డలితో నరకడం చూశాను" అన్నాడు. పోలీసులకేమో "అరుపులు విని వెళ్లేసరికి ఏ1 పారిపోతున్నాడు" అని చెప్పి ఉన్నాడు. "పోలీసులకు వేరేగా చెప్పావు కదా" అని అడిగి, కాదనిపించుకుని కూర్చుంటే మీ చేతికి ఏమీ రాదు. అది సాక్షి ఖండించిన సజెషన్‌గా (లాయరు సాక్షి ముందు పెట్టిన మాటగా) మిగిలిపోతుంది, సజెషన్ సాక్ష్యం కాదు. సాక్షికి ఆ ఒక్క వాక్యమే చదివి వినిపించి, అలా చెప్పాడా లేదా అని సూటిగా అడగండి. ఒప్పుకుంటే వేరే రుజువు అక్కర్లేదు. కాదన్నా, గుర్తులేదన్నా ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు డిపోజిషన్‌లో (కోర్టు రాసుకునే సాక్ష్యంలో) రాయించండి. ఐఓ (దర్యాప్తు అధికారి) బోనెక్కిన రోజున అదే వాక్యం చూపించి, పీడబ్ల్యూ1 తనకు అలా చెప్పాడా అని అడగాలి. అవునన్నాక ఆ భాగం ఎగ్జిబిట్ డి1 (డిఫెన్స్ మొదటి పత్రం) అవుతుంది. 2015లో వి.కె. మిశ్రా కేసులో సుప్రీంకోర్టు చెప్పిన క్రమం ఇదే. వాంగ్మూలం మొత్తాన్ని మార్కు చేయించబోకండి, చట్టం అందుకు ఒప్పుకోదు.

సాక్షి పోలీసులకు అసలు చెప్పని మాట కోర్టులో కొత్తగా చెబితే అది ఒమిషన్. అప్పుడు చదివి వినిపించడానికి వాక్యమే ఉండదు. "ఏ2 చేతులు పట్టుకున్నాడని పోలీసులకు చెప్పావా?" అని సాక్షిని అడగాలి. చెప్పానంటే, "పీడబ్ల్యూ1 మీకు ఆ మాట చెప్పలేదు కదా?" అని ఐఓని అడగాలి. అయితే ప్రతి ఒమిషనూ కాంట్రడిక్షన్ కాదు. సందర్భాన్ని బట్టి అది ముఖ్యమైనదై ఉండాలని 181వ సెక్షన్‌కున్న వివరణే చెబుతోంది. చొక్కా రంగు చెప్పలేదని అరగంట లాగితే, అసలైన ఒమిషన్ కూడా ఆ గుంపులో తేలిపోతుంది. నా దృష్టిలో రెండు బలమైనవి చాలు.

ప్రాసిక్యూషన్ తన సాక్షి మీద ఇదే వాంగ్మూలం వాడాలంటే కోర్టు అనుమతి తీసుకోవాలి. సాక్షి హాస్టైల్ అయినంత (పిలిచిన పక్షానికే ఎదురు తిరిగినంత) మాత్రాన అతని సాక్ష్యమంతా కొట్టుకుపోదు. నమ్మదగిన భాగాన్ని ఏ పక్షమైనా వాడుకోవచ్చు.

పీడబ్ల్యూ1కీ ఐఓకీ మధ్య నెలలు గడవచ్చు, వకాలత్తే మారవచ్చు. అందుకే ప్రతి సాక్షి క్రాస్ అయిన సాయంత్రమే, ఐఓని అడగాల్సిన వాక్యాలను డిపోజిషన్ పేజీ నంబరుతో సహా బ్రీఫులో రాసిపెట్టండి. ఐఓ బోను దిగిపోయాక గుర్తొస్తే సంహిత 348 కింద రీకాల్ (సాక్షిని మళ్లీ పిలిపించే) పిటిషన్ వేసుకోవాలి. దాన్ని అనుమతించడం కోర్టు విచక్షణ.