ఖాళీ రివాల్వర్, పాత కాగితాలు: రిచర్డ్ బ్రాటిగన్ చిన్న కథలు

[చీకటి తెర. ఎవరో వయొలిన్ మీద ఒకే స్వరాన్ని తప్పుగా సాధన చేస్తున్న శబ్దం. హఠాత్తుగా ఆగిపోతుంది.]

అమెరికాలోని శాన్ హోసే నగరంలో ఒంటిగది ఇల్లు. వయొలిన్ నేర్చుకుంటున్న మనిషితో ఆ ఇంట్లో కలిసి ఉండటం చాలా కష్టమని ఒకామె అంటుంది. ఎవరితో? పోలీసులతో. ఎప్పుడు? ఖాళీ అయిన రివాల్వర్‌ను వాళ్ల చేతికి ఇస్తూ.

కథ అయిపోయింది. అసలు రచనలో ఇది రెండే వాక్యాలు. పేరు ‘ది స్కార్లాటీ టిల్ట్’ (స్కార్లాటీ అంటే పాతకాలపు ఇటలీ సంగీతకర్త). రాసినవారు అమెరికన్ రచయిత రిచర్డ్ బ్రాటిగన్.

హత్య జరిగిందని ఇందులో ఎక్కడా లేదు. ‘ఖాళీ’ అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఆమె ఒక్క గుండుతో ఊరుకోలేదు. ఎన్నాళ్లు ఓర్చుకుందో ఆ ఒక్క మాటే చెబుతోంది. కార్డు కథలు చదివి పెరిగిన మనకు ఈ పొదుపు విలువ బాగా తెలుసు.

[తెరపై: 1960ల నాటి శాన్ ఫ్రాన్సిస్కో వీధి]

బ్రాటిగన్ 1935లో వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమాలో పుట్టారు. బాల్యమంతా పేదరికమే. 1967లో వచ్చిన ‘ట్రౌట్ ఫిషింగ్ ఇన్ అమెరికా’ ఆయనకు పేరు తెచ్చింది. మరుసటి ఏడాది విత్తనాల పొట్లాల మీద కవితలు అచ్చువేయించి ఉచితంగా పంచారు. అలా హిప్పీ రచయిత అన్న ముద్ర పడిపోయింది. ఆ ముద్ర పక్కన పెట్టి చదవమని నా మనవి. 1971 నాటి ‘రివెంజ్ ఆఫ్ ది లాన్’ సంపుటిలో 62 కథలున్నాయి. వాటిలో పూల చొక్కాల సంబరం కన్నా పేదింటి పిల్లవాడి బెంగే నాకు ఎక్కువగా వినిపిస్తుంది.

‘కార్పొరల్’ కథనే చూడండి. రెండో ప్రపంచ యుద్ధ కాలం. బడిపిల్లలు పాత కాగితాలు పోగుచేసి తేవాలి. బడిలో దానికి సైనిక హోదాలు: 50 పౌండ్లు తెస్తే సిపాయి, 75 తెస్తే కార్పొరల్, 100 తెస్తే సార్జెంట్. అలా పెరుగుతూ పోతే జనరల్. మన పిల్లవాడికి జనరల్ కావాలని ఆశ. ఇల్లిల్లూ తిరుగుతాడు, కాళ్లు పీకేలా తిరుగుతాడు. అయితే మంచి బట్టలు వేసుకుని, రోజూ వేడి భోజనం తినే పిల్లలు అప్పటికే జనరల్స్ అయిపోయారు. కాగితం ఎక్కడ దొరుకుతుందో వాళ్లకు తెలుసు, వాళ్ల అమ్మానాన్నలకు కార్లున్నాయి. వీడు కార్పొరల్ దగ్గరే ఆగిపోయాడు.

రచయిత ఎవరినీ నిందించరు. వేడి భోజనం, కారు. ఈ రెండే చూపించి పక్కకు తప్పుకుంటారు.

ఆఖరి వాక్యంలో కాగితం మళ్లీ వస్తుంది, ఈసారి వేరే రూపాల్లో: బ్యాంకు తిప్పిపంపిన చెక్కు, తక్కువ మార్కుల ప్రోగ్రెస్ కార్డు, ప్రేమ ముగిసిందని చెప్పే ఉత్తరం. ఒకప్పుడు తూకానికి సరిపడా దొరకని కాగితం, పెద్దయ్యాక అడగకుండానే చేతికి వస్తుంది.

[తెరపై: మేజోళ్ల సొరుగు. అడుగున కార్పొరల్ హోదాకు గుర్తుగా ఇచ్చిన చారలు. సొరుగు మెల్లగా మూసుకుంటుంది.]